చివరగా చెయ్యి పెట్టిందెవరు?

ఆదివారం పొద్దున మొదలుపెట్టిన పని చీకటి పడేవేళకు ఒక కొలిక్కి వచ్చింది. పిస్టన్ కొత్తది, రింగులు కొత్తవి, ప్యాకింగులన్నీ కొత్తవి. బోరు మాత్రం ఆటోనగర్‌లో చేయించుకొచ్చారు. మిగతాదంతా పోర్టికోలో పాత దుప్పటి పరుచుకుని మీరే బిగించారు. ఇంట్లోవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. పక్కింటాయన కాఫీ గ్లాసుతో గోడ దగ్గరికి వచ్చాడు. కిక్కు కొట్టారు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టారు. లోపలెక్కడో ‘టప్’మని ఒక చప్పుడు, అంతే.

ఇక్కణ్ణుంచి చాలామంది నడిచే దారి ఒకటే. ఊపిరాడకుండా వరసగా కిక్కులు కొడతారు. తర్వాత ప్లగ్గు మారుస్తారు. తర్వాత కాయిల్. అదీ కాకపోతే సీడీఐ. ఈలోగా పిస్టన్ తయారుచేసిన కంపెనీని, బోరు చేసినవాణ్ణి, పెట్రోలు బంకును వరసపెట్టి తిట్టుకుంటారు. ఎవరినీ వదలరు, ఒక్క మనిషిని తప్ప.

ఆ మనిషిని వదలని మెకానిక్ ఒకాయన నాకు తెలుసు. ఎవరైనా బండి తోసుకుంటూ వచ్చి ‘అన్నా, స్టార్ట్ కావట్లేదు’ అంటే ఆయన వెంటనే పానా అందుకోడు. చేతులు తుడుచుకుంటూ ‘చివరగా చెయ్యి పెట్టిందెవరు తమ్ముడూ?’ అని అడుగుతాడు. ‘నేనే’ అన్న జవాబు వస్తే ‘ఎక్కడెక్కడ పెట్టావు?’ అంటాడు. ఆ చోట్ల పేర్లు విని, ముందు వాటినే విప్పి చూస్తాడు. సగం బండ్లు అక్కడే పలుకుతాయి.

ఇందులో మాయేమీ లేదు, లెక్కే. శనివారం సాయంత్రం దాకా ఆ బండి పొగ కక్కుతూనో, మూలుగుతూనో నడిచింది. అంటే కాయిల్ పనిచేసింది, సీడీఐ పనిచేసింది, వైరింగ్ పనిచేసింది. ఆదివారం మీరు వాటి జోలికే పోలేదు. అవన్నీ కూడబలుక్కుని ఒకే రాత్రి చచ్చిపోయే అవకాశం ఎంత? మీరు విప్పి బిగించిన చోట ఏదో ఒకటి తేడాగా కూర్చునే అవకాశం ఎంత? పసిపిల్లాడికైనా తెలిసే లెక్క ఇది. అయినా మన చెయ్యి కాయిల్ మీదికే పోతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఎందుకిలా? మనం చేసిన పనిని అనుమానించడమంటే మనల్ని మనం అనుమానించుకోవడం అనిపిస్తుంది గనుక. కాయిల్ పాడైతే అది కాయిల్ తప్పు. టైమింగ్ చైను ఒక పన్ను పక్కకు పడితే అది మన తప్పు. మనసు ఎప్పుడూ మొదటిదాన్నే కోరుకుంటుంది, అందుకు డబ్బు ఖర్చుపెట్టడానికి కూడా సిద్ధపడుతుంది. ఇంజన్ బాగుచెయ్యడంలో నేర్చుకోవలసిన మొదటి విద్య ఈ కోరికను గుర్తుపట్టడం. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ మొరాయించినా, కొత్త జీతాల పట్టికలో లెక్క తేలకపోయినా వరస ఇదే. నిన్నటిదాకా నడిచింది, ఇవాళ నడవడం లేదంటే మధ్యలో మారిందేమిటి? మార్చిందెవరు? ఆ ‘ఎవరు’ మనమే అయినప్పుడు, ఆ ప్రశ్నను గొంతు తగ్గించకుండా అడగగలగాలి.

మాటలు చాలు, బండి దగ్గరికి వద్దాం. మన ఊళ్ళలో ఇంటింటా ఉన్న ఇంజన్నే తీసుకుందాం. 1985లో హీరో హోండా సీడీ100తో వచ్చి, 1994లో స్ప్లెండర్‌తో పల్లెపల్లెకూ చేరిన 97.2 సీసీ ఇంజన్. 50 మి.మీ. బోరు, 49.5 మి.మీ. స్ట్రోకు. సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకుని ఉంటుంది. ఇంట్లో విప్పి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదని నా అభిప్రాయం. బుల్లెట్ అభిమానులు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

చౌకదాని నుంచి ఖరీదైనదాని దాకా

ఏ పెట్రోలు ఇంజన్‌కైనా కావలసినవి నాలుగు. మెకానిక్కుల మాటల్లో పెట్రోలు, కరెంటు, కంప్రెషన్, టైమింగ్. లోపం ఈ నాలుగింటిలో ఎక్కడో ఉంటుంది. వెతికే వరస మాత్రం మన ఇష్టం కాదు. ఖర్చు లేనిది, నిమిషంలో తేలేది ముందు చూడాలి. ఇంజన్ మళ్ళీ విప్పాల్సినది చివర చూడాలి. భయపడినవాడు సరిగ్గా దీన్ని తిరగేస్తాడు. ‘మళ్ళీ హెడ్ దించాల్సిందే’ అని మొదటి కిక్కుకే నీరుగారిపోతాడు, ట్యాపు తెరిచి ఉందో లేదో చూడడు.

నిజంగానే చూడండి. ట్యాంకు ఎత్తి పెట్టినప్పుడు ట్యాపు కట్టేసి ఉంటారు. కార్బొరేటర్ కింద గిన్నెకు చిన్న స్క్రూ ఉంటుంది. అది కాస్త వదులు చేస్తే పెట్రోలు ధారగా రావాలి. వస్తే అక్కడిదాకా సరే. రాకపోతే ట్యాపులో చెత్త, మడతపడిన పైపు, ఇరుక్కున్న ఫ్లోటు అని వెనక్కి వెతుక్కుంటూ పోవాలి.

తర్వాత ప్లగ్గు విప్పండి. అది మాట్లాడుతుంది. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి చేరడం లేదు. తడిసి ముద్దయి ఉంటే పెట్రోలు చేరుతోంది, కరెంటు రావడం లేదు, లేదా పెట్రోలే ఎక్కువైంది. ఈ ఒక్క చూపుతో వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ప్లగ్గును టోపీకి తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజన్‌కు ఆనించి, ఇంకొకరిని కిక్కు కొట్టమనండి. నీలంగా, గట్టిగా నిప్పురవ్వ కనిపించాలి. ప్లగ్గు రంధ్రానికి మాత్రం దూరంగా ఆనించండి, అందులోంచి పెట్రోలు ఆవిరి ఎగదన్నుతుంది. దగ్గర్లో పెట్రోలు డబ్బా, గుడ్డలు ఉండకూడదు. టోపీ ఊడదీసి గాలికి వదిలేసి కిక్కులు కొట్టకండి, అది కాయిల్‌కూ సీడీఐకీ మంచిది కాదు.

కరెంటు రాలేదే అనుకోండి. అప్పుడైనా కాయిల్ కొనడానికి పరుగెత్తొద్దు. ఇంజన్ దించినప్పుడు మీరు ఊడదీసిన కనెక్టర్లు ఏవి? మాగ్నెట్ వైపు నుంచి వచ్చే వైరు జతలు అన్నీ తిరిగి తగిలించారా? తగిలించినవి లోపల పిన్ను వంగకుండా కూర్చున్నాయా? భూమి వైరు రంగు పూసిన చోట బిగించారా, శుభ్రమైన ఇనుముకు బిగించారా? మళ్ళీ అదే మాట: చెయ్యి పెట్టిన చోట ముందు.

పెట్రోలూ ఉంది, కరెంటూ ఉంది, అయినా పలకడం లేదు. ఇక్కడ చాలామందికి తట్టనిది ఒకటుంది, మసిగుడ్డ. కార్బొరేటర్ తీసినప్పుడు దుమ్ము పడకుండా ఇన్‌లెట్ దారిలో చిన్న గుడ్డ కుక్కుతారు, అది మంచి అలవాటే. తియ్యడం మరిచిపోతారు, అది లోకం పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. గుడ్డ కుక్కినప్పుడు దాని కొస బయటికి కనిపించేలా, వీలైతే ఎర్రటి గుడ్డ పెట్టండి. ఆపరేషన్ థియేటర్లలో లోపలికి పోయిన ప్రతి గుడ్డముక్కనూ లెక్కపెట్టి, కుట్లు వేసే ముందు మళ్ళీ లెక్క చూస్తారు. అంత చదివినవాళ్ళే తమ జ్ఞాపకాన్ని నమ్మకుండా లెక్కను నమ్ముతున్నారు. మనమెంత?

కంప్రెషన్‌కు గేజి ఉంటే మంచిది. లేకపోతే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, కిక్కు కొట్టాలి. వేలును గాలి తన్నేయాలి. బలహీనంగా ఉంటే ఆ రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. ఒత్తిడి పెరిగిందంటే రింగుల దగ్గర లీకు. పెరగలేదంటే అనుమానం వాల్వుల మీదికో, హెడ్ ప్యాకింగు మీదికో పోతుంది. సిలిండర్ పడుకుని ఉన్న ఇంజన్ కదా, ఆయిల్ అంతటా చేరదు, కాబట్టి ఈ పరీక్ష చెప్పేది సూచనే, తీర్పు కాదు. పైగా కొత్త రింగులు బోరుతో ఇంకా ఒదిగి ఉండవు, మొదట్లో ఒత్తిడి కాస్త తక్కువ చూపించడం మామూలే. చెంచాడు ఆయిల్ ఖర్చుతో హెడ్ దించాలో వద్దో ఒక దారి దొరికింది. ఇలాంటి చిన్న పరీక్షలు వెతుక్కోవడమే తెలివి. పెద్ద నిర్ణయానికి ముందు చవకగా తేలే ప్రశ్న ఏదైనా ఉందా అని అడగడం ఇంజన్లకే కాదు, ఉద్యోగం మానేసి వ్యాపారం పెట్టేవాళ్ళకూ పనికొస్తుంది.

గుర్తు ఒకటే, వేళలు రెండు

నాలుగోది టైమింగ్. ఇంట్లో ఇంజన్ బిగించినవాళ్ళను ఎక్కువగా ఏడిపించేది ఇదే, అందుకని ఇక్కడ కాసేపు ఆగుదాం.

మాగ్నెట్ మీద ‘టీ’ అనే గుర్తు ఉంటుంది. అది కేసు మీది గీతకు ఎదురుగా వస్తే పిస్టన్ పైకొసకు చేరినట్టు. అప్పుడు క్యామ్ పళ్ళచక్రం మీది గుర్తు హెడ్ మీది గాటుకు ఎదురుగా ఉండాలి. ఆ స్థితిలో చైను వెయ్యాలి. ఒక్క పన్ను పక్కకు పడిందా, క్రాంకు లెక్కలో ఇరవై డిగ్రీల పైమాటే తేడా. వాల్వులు తెరుచుకోవలసిన వేళకు తెరుచుకోవు, మూసుకోవలసిన వేళకు మూసుకోవు. కార్బొరేటర్‌లోంచో సైలెన్సర్‌లోంచో ‘టప్’మని ఎదురుకొడుతుంది. తంటాలు పడి స్టార్ట్ అయినా బలం ఉండదు.

అసలు చిక్కు ఇంకోటి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే పిస్టన్ పైకొసకు రెండుసార్లు వస్తుంది. ఒకసారి మిశ్రమాన్ని నొక్కుతూ, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు. ఇంకోసారి పొగను తోసేస్తూ, ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోబోతూ ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోబోతూ ఉన్నప్పుడు. రెండుసార్లూ ‘టీ’ గుర్తు గీతకు సరిగ్గా ఎదురుగానే నిలబడుతుంది! ట్యాపెట్లు సర్దవలసింది మొదటి వేళలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. రెండో వేళలో సర్దితే కొలత అంతా అబద్ధం. ఆ వాల్వు వెనక్కి వెళ్ళాక సందు అవసరానికి మించి మిగిలిపోతుంది, ఇంజన్ టకటకమంటుంది.

‘గుర్తు కలిపాను కదా, నేను సరిగ్గానే చేశాను’ అని ఒట్టేసి చెప్పేవాళ్ళలో చాలామంది అబద్ధమాడరు. గుర్తు నిజంగానే కలిపి ఉంటారు. వాళ్ళు చూసింది నిజమే, చూసిన వేళ వేరు. అందుకే మంచి మెకానిక్ గుర్తు చూసి ఊరుకోడు. ట్యాపెట్ మూతలు తీసి రెండు రాకర్లనూ వేళ్ళతో కదిపి చూస్తాడు. రెండూ కాస్త ఆడితే అది సరైన వేళ. ఒకటైనా బిగుసుకుని ఉంటే మాగ్నెట్‌ను ఇంకో పూర్తి చుట్టు తిప్పుతాడు. ఒక సాక్ష్యం చాలనుకున్న చోట రెండోది అడగడం ఆయన చాదస్తం కాదు, అనుభవం. ఇక ఆ సందు ఎంతుండాలంటే, ఈ తరహా చిన్న ఇంజన్లలో మిల్లీమీటరులో పదో వంతుకు మించదు. మీ మోడల్‌కు అంకె మాన్యువల్‌లో చూసి ఫీలర్ గేజితోనే పెట్టండి. ‘చేతికి తెలిసిపోతుంది’ అనే మాట ముప్పై ఏళ్ళు ఆ పని చేసినవాళ్ళకు చెల్లుతుంది.

చైను వేశాక, కిక్కు కొట్టే ముందు, ప్లగ్గు తీసి పానాతో క్రాంకును నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే అక్కడ ఆగండి. బలం వాడకండి. చేతికి తగిలిన అడ్డు వంద రూపాయల్లో తేలే విషయం, కాలి బలంతో దాటించిన అడ్డు వంగిన వాల్వు. గుర్తులు రెండు చుట్ల తర్వాత కూడా మళ్ళీ కలిస్తేనే మూతలు బిగించండి.

కోపం కొట్టే కిక్కులు

పలకని ఇంజన్ మీద కోపం రావడం సహజం. ఆ కోపానికి ఇంజన్‌లో ఒక వింత ఫలితం ఉంటుంది. చోక్ వేసి కిక్కు మీద కిక్కు కొడుతూ పోతే లోపలికి పెట్రోలు చేరుతూ పోతుంది, ప్లగ్గు తడుస్తుంది, తడిసిన ప్లగ్గు సరిగా రాజుకోదు. అంటే మొదటి లోపం ఏదైనా కానీ, ఆపకుండా కొట్టిన కిక్కులు రెండో లోపాన్ని తయారుచేస్తాయి. ఇప్పుడు మొదటిది బాగుచేసినా బండి పలకదు. ‘అది కాదన్నమాట’ అని సరైన చోటును వదిలేసి తప్పుడు చోటుకు వెళ్ళిపోతారు.

ఇంట్లో మాటామాటా పెరిగినప్పుడూ ఇంతే. మొదట గొడవ దేనిగురించో, పది నిమిషాల తర్వాత దేనిగురించో.

దీనికి మందు: చోక్ తీసెయ్యండి, ప్లగ్గు విప్పి ఆరబెట్టండి, పెట్రోలు ట్యాపు కట్టి, యాక్సిలేటర్ పూర్తిగా తిప్పి నాలుగైదు కిక్కులు కొట్టి లోపలి ఆవిరి బయటికి పోనివ్వండి. ఈలోగా మీరూ వెళ్ళి చేతులు కడుక్కుని టీ తాగి రండి. రాత్రి అలసటలో చేసిన మరమ్మతును పొద్దున మళ్ళీ విప్పాల్సి వస్తుంది. బోల్టు ‘ఇంకొంచెం’ బిగిస్తే అల్యూమినియం మర కోసుకుపోయేది సరిగ్గా ఆ వేళకే.

అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని మోటార్ సైకిల్ మీద మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా వెళ్ళాడు. ఆ ప్రయాణం నుంచి పుట్టిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్’ 1974లో అచ్చయింది. పేరులో జెన్ ఉందని ధ్యానం గురించి అనుకుని కొని, మధ్యలో పక్కన పడేసినవాళ్ళు చాలామంది. నాకు అందులో నచ్చింది తత్వం కాదు, ఇంజన్ బాగుచేసేవాడి ఉత్సాహాన్ని ఏయే గోతులు మింగేస్తాయో ఆయన విడమరిచిన భాగం. అన్నీ బిగించాక ఒక ముక్క కింద మిగిలిపోవడం వాటిలో ఒకటి. దానికి ఆయన చెప్పిన మందు చాలా మామూలుది: విప్పే వరస నోటుపుస్తకంలో రాసుకోవడం, ముక్కల్ని నేలమీద పరిచిన న్యూస్‌పేపర్ల మీద విప్పిన వరసలోనే పేర్చడం. ఇవాళ మన చేతిలో ఫోన్ ఉంది, ప్రతి మెట్టుకూ ఫొటో తీసుకోవచ్చు. తీస్తాం కూడా. కానీ ఫొటోలో కనిపించనివి కొన్నుంటాయి: హెడ్ నట్లలో మూత ఉన్న నట్టు ఏ స్టడ్డుకు, రాగి వాషరు దేని కింద, ఏ బోల్టు రెండు మిల్లీమీటర్లు పొడుగు. వాటిని రాసుకోవాల్సిందే. పొడుగు బోల్టును పొట్టి రంధ్రంలో బిగిస్తే కేసు పగులుతుంది.

ఆ నోటుపుస్తకానికి రెండో పని కూడా ఉంది. లోపం వెతికేటప్పుడు ఒక్కసారి ఒక్కటే మార్చాలి, మార్చింది రాయాలి, ఫలితం రాయాలి. ప్లగ్గు, జెట్టు, టైమింగ్ మూడూ ఒకేసారి మార్చేశారు, బండి స్టార్టయింది. ఆనందమే. నెల తర్వాత మళ్ళీ అదే జబ్బు వస్తే? మూడింటిలో ఏది మందో మీకు తెలియదు. ఒకేసారి పొద్దున్నే లేవడం, నడక, చక్కెర మానడం, కొత్త యాప్ అన్నీ మొదలుపెట్టి నెల తిరగకముందే అన్నీ వదిలేసేవాళ్ళను చూస్తుంటాం. వాళ్ళకు కూడా ఏది పనిచేసిందో, ఏది బరువైందో తెలియకుండానే పోతుంది.

మరి పక్కింటాయన సంగతి? ఆయన గోడ మీంచి ‘కాయిల్ పోయి ఉంటుంది, మా బామ్మర్ది బండికీ ఇంతే’ అంటాడు. కొట్టిపారెయ్యకండి, నమ్మెయ్యకండి. ‘అవునా బాబాయ్, అది ఎలా తేల్చుకోవాలి?’ అని అడగండి. పరీక్ష చెప్పగలిగితే ఆయనకు విషయం తెలుసు, విని తీరాలి. చెప్పలేకపోతే ఆయన కాఫీ ఆయన తాగుతాడు, మీ పని మీరు చూసుకుంటారు. సలహాకు మర్యాద ఇవ్వడం, పర్సు ఇవ్వడం వేరువేరు.

పలికింది, కానీ...

స్టార్టయిన ఇంజన్ కూడా ఫిర్యాదులు చెబుతుంది. బయట గాలిలో పెట్టి వినండి. మూసిన గదిలో ఇంజన్ ఆడించడం ప్రాణాంతకం.

నీలం పొగ వస్తోందా? బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలుతుంటే కాసేపటికి తగ్గిపోతుంది. తగ్గకపోతే రింగులు తలకిందులుగా పడ్డాయా, మూడింటి నోళ్ళూ ఒకే వరసలోకి వచ్చాయా, వాల్వు సీళ్ళు చీలాయా అని చూడాలి. రింగు మీద అక్షరం ఉన్న ముఖం పైకి ఉండాలి, పిస్టన్ మీద ‘ఇన్’ అని ఉన్న వైపు ఇన్‌లెట్ వాల్వు వైపు ఉండాలి. ఆయిల్ అవసరానికి మించి పోసినా పొగ వస్తుంది. అందుకే ముందు ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి, రింగుల సంగతి తర్వాత.

స్టార్ట్ కాగానే ఇంజన్ గొంతు చించుకుని అరిచిందా? వెంటనే తాళం తిప్పి ఆపండి. కార్బొరేటర్‌లో స్లైడు తిరగబడి ఇరుక్కుని ఉంటుంది, లేదా యాక్సిలేటర్ వైరు హ్యాండిల్ దగ్గర లాగిపట్టి ఉంటుంది. అరవకపోయినా, యాక్సిలేటర్ వదిలాక వేగం దిగడానికి బద్ధకిస్తుంటే కార్బొరేటర్‌కూ హెడ్‌కూ మధ్య ఎక్కడో దొంగగాలి దూరుతోంది. ఆ అతుకు మీద కాసిన్ని నీటి తుంపర్లు చల్లితే ఇంజన్ గొంతు మారుతుంది. పెట్రోలు చల్లి చూసే వీరులున్నారు, వాళ్ళ దారిన వెళ్ళకండి.

ఇక చప్పుళ్ళు. పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే ఏ మూల నుంచి వస్తోందో తెలుస్తుంది. అన్నిటికన్నా ముందు చూడవలసింది మాత్రం ఆయిల్ పైదాకా చేరుతోందా అన్నది. ట్యాపెట్ మూత ఒకటి తీసి, నెమ్మది వేగంలో ఆడిస్తే లోపల ఆయిల్ తడి కనిపించాలి. ఎండిపోయి ఉంటే ఇంకో నిమిషం కూడా ఆడించకండి. ఆయిల్ దారికి అడ్డంగా ప్యాకింగు తప్పుగా పడి ఉండవచ్చు, పంపు సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు. బండి నడుస్తోంది కదా అన్న సంతోషంలో దీన్ని వాయిదా వేస్తే కొత్త క్యామ్‌కు డబ్బు సిద్ధం చేసుకోవాలి.

ఎంత వెతికినా దొరకని రోజు వస్తుంది. అప్పుడు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడంలో చిన్నతనం లేదు. క్రాంకు బేరింగులు, వాల్వు సీటింగు కోత, బోరు కొలతలు యంత్రాలున్న చోటే జరగాలి. పోర్టికోలో సుత్తితో జరగకూడదు. చిన్నతనం ఎక్కడుందంటే, అక్కడికెళ్ళి ‘ఎవరో విప్పారన్నా, నాకు తెలీదు’ అనడంలో ఉంది. అలా అన్నప్పుడు మెకానిక్ అన్నిటినీ అనుమానించాలి, అన్నీ విప్పాలి, ఆ కూలీ మీరే కట్టాలి. ‘నేనే విప్పాను, ఇవి మార్చాను, ఇవి పరీక్షించాను, ఇక్కడ అనుమానంగా ఉంది’ అని నోటుపుస్తకం ముందు పెడితే గంటలో తేలుతుంది. పైగా, నిజం చెప్పిన కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూపించే మెకానిక్కులు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ కూర్చోబెట్టడం ఏ కోర్సులోనూ దొరకదు.

తప్పుల్ని దాచుకోకుండా బతికినవాడి పేరు ఒకటి చెప్పాలంటే బర్ట్ మన్రో. న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో ఉండేవాడు. 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండినే దశాబ్దాల తరబడి ఇంటి షెడ్డులో విప్పుతూ బిగిస్తూ, పిస్టన్లు తనే పోతపోసుకుంటూ, కనెక్టింగ్ రాడ్లు చేత్తో చెక్కుకుంటూ గడిపాడు. కొత్తలో గంటకు 89 కిలోమీటర్లు దాటని బండి అది. 1967లో, తన 68వ ఏట, అమెరికాలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో వెయ్యి సీసీ లోపు తరగతిలో దానితో రికార్డు పెట్టాడు. గంటకు 184.087 మైళ్ళు, అంటే 296 కిలోమీటర్ల పైన. ఆంథొనీ హాప్కిన్స్ వేసిన సినిమా (2005) చూసినవాళ్ళకు ఈ కథ తెలుసు. నాకు ఆ రికార్డు కన్నా ఆయన షెడ్డులోని ఒక అర ఇష్టం. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు దానిమీద వరసగా పేర్చి, ‘వేగ దేవుడికి నైవేద్యాలు’ అన్న అర్థం వచ్చేలా రాసిపెట్టుకున్నాడు. మనమైతే వాటిని చీకట్లో తీసుకెళ్ళి పాత ఇనుపసామాన్లవాడికి వేసి ఉండేవాళ్ళం. ఆయన వాటిని చూస్తూ పనిచేశాడు. ఎక్కడ విరిగిందో కళ్ళెదుటే ఉంటే, తర్వాతి పిస్టన్ అక్కడ దళసరిగా పోస్తాం.

మీ ఇంజన్ పలికిందే అనుకోండి. పొగ ఆగింది, గొంతు కుదురుగా ఉంది. ఆ రాత్రే హైవే ఎక్కి స్నేహితుడికి చూపించాలన్న ఉబలాటాన్ని కాస్త ఆపుకోండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పూర్తి యాక్సిలేటర్ వద్దు, ఒకే వేగంలో గంటల తరబడి నడపడమూ వద్దు, ఇద్దర్ని ఎక్కించుకుని ఫ్లైఓవర్లు ఎక్కడమూ వద్దు. వేగం మారుస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ నడపండి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ట్యాపెట్లు ఇంకోసారి కొలవండి, బయటి బోల్టులు ఒక చుట్టు చూడండి. ఆయిల్‌ను మామూలు గడువు దాకా ఉంచకుండా ముందుగానే మార్చండి. తీసిన ఆయిల్‌ను పళ్ళెంలో పట్టి, అందులో చిన్న అయస్కాంతం తిప్పి చూడండి. దానికి అంటింది వేళ్ళమధ్య నలిపితే గరుకు కూడా తెలియని పొడిలా ఉంటే సరే, రింగులు ఒదుగుతున్నాయి. మెరిసే రేకుల్లా ఉంటే వచ్చే ఆదివారం కూడా ఖాళీ ఉంచుకోండి.